మా ఇంట్లో రెండు మొక్కులు, ఐరోపాలో ఒక బంతి

మా మరిది ఐరోపా వెళుతున్నాడన్న కబురు మా ఇంటికి మొట్టమొదట తెచ్చింది పాలు పోసే పెద్దాయన. కన్నతల్లికీ, అన్నకీ, వదినైన నాకూ చెప్పకుండా మా మరిది వారం రోజులుగా దాచుకున్న సంగతిని ఆయన పాల క్యాను మూతతో పాటు మా గుమ్మంలో తెరిచేశారు. టాటానగర్ స్టేషను పక్కనున్న మా బాగ్‌బేరా రైల్వే కాలనీలో సగం ఇళ్ళకీ, ఊళ్ళోని గోల్ఫు మైదానం క్యాంటీనుకీ పాలు ఆయనవే. అక్కడ సాయంత్రం అనుకున్న మాట మర్నాడు పొద్దున్న మా కాఫీలో కలిసేది.

"భాభీ, మిఠాయి ఏదీ? మీ దేవర్‌జీ యూరప్ పోతాడు కదా!" అన్నారు ఆయన తన తెలుగులో.

మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తారు. "ఏ ఊరు?"

"యూరప్, మాయీ."

"అదేనయ్యా, ఏ ఊరని అడుగుతన్నాను."

"యూరప్!"

"ఏటే కోడలా, ఇన్నేళ్ళయి తెలుగోళ్ళకి పాలు పోత్తన్నాడు, ఊరు పేరు సెప్పమంటే ఊరప్ప ఊరప్ప అంటాడేటి?"

అది ఊరు కాదు, బోలెడు దేశాల కలగలుపు అని నేను చెప్పేసరికి చిక్కుడుకాయలు చేటలోనే ఉండిపోయాయి. లోపల స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది. మా మరిది అందులోనే ఉన్నాడు. అమ్మ గొంతు చల్లబడేదాకా బయటికి రాకూడదని నిర్ణయించుకున్నట్టున్నాడు. పాపం, ఆ రోజు చాలాసేపే స్నానం చేశాడు.

మా మరిది గోల్ఫు ఆడేవాళ్ళ దగ్గర కేడీ. అంటే వాళ్ళ కర్రల సంచీ మోస్తూ వెంట నడవడం, అడిగిన కర్ర అందివ్వడం, గాలి ఎటు తిరిగిందో చెప్పడం. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళి మాటెత్తితే చాలు, సంచీ భుజాన వేసుకుని మైదానానికి వెళ్ళిపోతాడు. అతను ఎక్కువగా సంచీ మోసేది ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి ఆటనే బతుకుదెరువు చేసుకున్న ఒకాయనకి. మేము ఆయన్ని సారు అనే అంటాం. ఆ సారుకి ఆ ఏడాది ఐరోపా పోటీల్లో చోటు దొరికింది. వారానికో దేశం, వారానికో పోటీ. అక్కడి కేడీని ఎవరినైనా పెట్టుకోమని అందరూ చెబితే, "నా వెనక అడుగుల చప్పుడు మారితే నా చెయ్యి మారిపోతుంది" అన్నారట.

స్నానం ముగించుకుని వచ్చిన మరిది తడి తలతోనే తల్లి ముందు కూర్చుని అన్నీ వివరంగా చెప్పాడు. గురువారం నుంచి ఆదివారం దాకా ఆట. శుక్రవారం సాయంత్రానికి కట్ అని ఒకటుంటుంది, అదేమిటో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏడాది ఆఖరున అందరి లెక్కలూ చూసి ఒక గీత గీస్తారు. గీతకి పైనున్నవాళ్ళు మళ్ళీ ఏడాది కూడా ఆడొచ్చు. కింద పడ్డవాళ్ళు ఇళ్ళకి పోవాలి.

"అంటే మీ సారు గీత కింద పడితే నువ్వు ఇంటికొచ్చేత్తావన్నమాట," అన్నారు అత్తగారు.

"ఆఁ. పడకూడదనే కదమ్మా ఎల్తన్నాం."

"పడకపోతే?"

"వచ్చే ఏడు కూడా అక్కడే."

అత్తగారు చేట పక్కన పెట్టారు. మెల్లగా తల తిప్పి దేవుడి గూట్లో ఉన్న సింహాద్రి అప్పన్న పటం వైపు చూశారు. ఆ చూపులో ఏముందో నాకు అర్థమైపోయింది. నేనూ అటే చూశాను. ఇరవై ఏళ్ళు ఎండలో సంచీ మోసిన మనిషికి దేవుడిచ్చిన ఒక్క అవకాశం, నిలబెట్టు తండ్రీ అని మనసులో అనుకున్నాను. ఒకే పటం ముందు, ఒకే దీపానికి, రెండు వేరు వేరు మొక్కులు ఆ నిమిషాన మొదలయ్యాయి.

అతను వెళ్ళాక కాలనీలో మాకు కొన్ని కష్టాలు వచ్చాయి. అత్తగారు అందరికీ "మా సిన్నోడు ఊరప్‌లో సంచీ మోత్తన్నాడు" అని చెప్పేవారు. పక్క క్వార్టరావిడ నాలుగిళ్ళకీ వినబడేలా, "టాటానగర్ స్టేషన్లో మోయడానికి సంచీలు దొరకలేదేటి పాపం, అంత దూరం ఎల్లాడు!" అంది. అత్తగారు తగ్గలేదు. "ఇక్కడోళ్ళ సంచీల్లో ఏటుంటాదే, తువ్వాలూ సెనగ సత్తుపిండీ! ఆడు మోసేది గోలుపు కర్రలు!" అన్నారు. గోలుపు కర్రలంటే ఏమిటని అడిగినవాళ్ళకి ఆ రోజంతా నేనే సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

అసలు సంగతి అంకెల దగ్గర మొదలైంది. మా మరిది చిన్నప్పటి నుంచీ మాటల్లో పొదుపరి. ఆట అవగానే నా ఫోనుకి ఒక్క ముక్క పంపేవాడు. మొదటి గురువారం వచ్చింది "మైనస్ 3" అని.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. పార్సిల్ ఆఫీసు పని ముగించుకొచ్చి మా నాన్నగారే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్షరాలూ లెక్కలూ నేర్పారు. ఆ ఓపికకి ఈనాటికీ ఆయనకి దండం పెట్టుకుంటాను. మైనస్ అంటే తరుగు, ప్లస్ అంటే మిగులు అని ఆయన పప్పు మూటలు చూపించి చెప్పారు. నా చదువుకి అందిన అర్థం అదే.

"ఏటంట?" అన్నారు అత్తగారు.

"మూడు తరుగట అత్తా," అన్నాను దిగులుగా.

"తరుగా!" అత్తగారి ముఖం వెలిగిపోయింది. లేచి, కాళ్ళు కడుక్కుని, అప్పన్న ముందు నిలబడ్డారు. ఆవిడ ప్రార్థన ఎప్పుడూ మనసులో ఉండదు. టికెట్టు కిటికీ దగ్గర గుమాస్తాతో మాట్లాడినట్టు గట్టిగా ఉంటుంది. "తగ్గించు సామీ! ఇంకా తగ్గించు! నా కొడుకుని ఇంటికి పంపించు!"

నేను ఆవిడ పక్కనే నిలబడి, పెదవి కదపకుండా, పెంచు తండ్రీ అనుకున్నాను.

"నువ్వు లోపల్లోపల ఏటడుగుతన్నావో నాకు తెల్దనుకోకు," అన్నారు అత్తగారు కళ్ళు తెరవకుండానే.

మర్నాడు శుక్రవారం. నాకు లక్ష్మీపూజ, వాళ్ళకి కట్. శనివారం పొద్దున్న ఫోనులో "మైనస్ 5. కట్ అయింది" అని ఉంది. మా మామగారు పోయేదాకా యార్డులో షంటింగు పని చేశారు. కట్ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. కట్ చేసిన బోగీ పట్టాల మీద ఒంటరిగా ఉండిపోతుంది, మిగతా బండి వెళ్ళిపోతుంది. నేను కళ్ళొత్తుకున్నాను. అత్తగారు బెల్లం ముక్క నైవేద్యం పెట్టారు.

కానీ శనివారమూ ఆదివారమూ కూడా అంకెలు వచ్చాయి. కట్ అయినవాళ్ళు ఇంకా ఆడడమేమిటని నాకు అనుమానం వచ్చింది. అత్తగారే తీర్చారు.

"ఓడిపోయినోళ్ళ సేత మళ్ళీ ఆడిత్తారు కాబోలే. బుద్ధొచ్చేవరకు."

ఆ తరువాతి పోటీకి శనివారం పొద్దున్న "ప్లస్ 4. కట్ మిస్సయింది" అని వచ్చింది. నా ప్రాణం లేచి వచ్చింది. గండం తప్పిపోయింది! ఆ శని, ఆదివారాలు అంకెలే రాలేదు. గెలిచినవాళ్ళకి విశ్రాంతి ఇచ్చారని ఇద్దరం అనుకున్నాం. లెక్క ఇంత చక్కగా కుదిరాక ఇంకెవరిని అడుగుతాం?

సోమవారం సోమవారం అతను ఫోన్ చేసేవాడు. అత్తగారు ఆట గురించి ఒక్క మాటా అడిగేవారు కాదు.

"ఏటి తిన్నావు?"

"బ్రెడ్డమ్మా."

"జొరమొచ్చిందేటి?"

"నేదమ్మా, ఇక్కడందరూ బ్రెడ్డే తింటారు."

"ఊరు ఊరంతా జొరమేటిరా! ఆవకాయుందా?"

ఆవకాయ సీసాని ఆవిడ తువ్వాలులో చుట్టి సారు సంచీ జేబులోనే దాచి పంపారు. ఏదో దేశంలో సంచీ కిందపడి మూత వదులైందట. వాన పడుతుంటే సారు తువ్వాలు అడిగి ముఖం తుడుచుకున్నారు. కళ్ళు మండి, బంతి కనపడక, తోచిన వైపుకి కొట్టారు. అది తిన్నగా వెళ్ళి జెండా పక్కన ఆగిందట. "ఆ తువ్వాలు ఉతకొద్దన్నారమ్మా సారు," అన్నాడు మరిది.

చివర ఫోను నా చేతికి వచ్చేది. మైనస్ ఆరు వచ్చిన వారం నేను, "పోనీలే నాయనా, మనసు కష్టపెట్టుకోకు. వచ్చే వారం ఇంతకన్నా బాగుంటుంది," అన్నాను. "ఇంతకన్నానా వదినా?" అని ఫోను పెట్టేశాడు. ప్లస్ నాలుగు వచ్చిన వారం, "ఎంత సంతోషంగా ఉందో! దేవుడి దయ. సారుకి నా నమస్కారాలు చెప్పు," అన్నాను. ఈసారి నా మాట రెండుసార్లు చెప్పించుకుని మరీ పెట్టేశాడు.

మా ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిని పడుకునే మనిషి. ఒకసారి తల్లి గట్టి మొక్కూ, పక్కన నా పెదవి విప్పని మొక్కూ చూసి, "బండికి ముందో ఇంజినూ ఎనకో ఇంజినూ తగిలించి, రెండూ ఎవుడి దిక్కుకి ఆడు లాగితే బండి యార్డు దాటదు," అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

నడివేసవిలో అత్తగారికి నడుం పట్టేసింది. కొన్ని వారాలు మంచం దిగలేదు. దేవుడి గూడు ముందు నేనొక్కదాన్నే నిలబడ్డాను. ఆ వారాలన్నీ ప్లస్‌లే. కట్ మిస్, కట్ మిస్, కట్ మిస్. నా ప్రార్థన ఇంత వేగంగా వినబడినందుకు నాకు భయం కూడా వేసింది. రోజూ దీపం పెట్టి, ఇంత దయ నాకెందుకు తండ్రీ అని కన్నీళ్ళు పెట్టుకున్నాను. అత్తగారు మంచం మీద నుంచే దేవుడితో దెబ్బలాడారు. "నాను లేవలేకపోతే నా మాట ఇనవేటి?" ఆవిడ లేచి గూడు ముందు నిలబడ్డ వారం నుంచి మళ్ళీ మైనస్‌లు మొదలయ్యాయి.

అలా చలి మొదలయ్యే రోజులొచ్చాయి. ఒక సోమవారం పాలాయన సైకిలు స్టాండు కూడా వేయకుండా అరిచారు. "భాభీ! మైనస్ నౌ! మైనస్ తొమ్మిది! ఇవాళ మాత్రం మిఠాయి వదలను!"

"సూడవే, మావోడు ఓడిపోతే ఈయనకి మిఠాయి కావాలట!" అన్నారు అత్తగారు. అయినా ఆవిడకీ ఆ రోజు సంతోషమే కనుక బెల్లం తెమ్మన్నారు.

"ఓడిపోవడం ఏంటి మాయీ? మైనస్ అంటే జీత్! గెలుపు!"

"మైనస్ అంటే తరుగు," అన్నాను నేను, మా నాన్నగారి మీద పూర్తి నమ్మకంతో.

ఆయన క్యాను దింపారు. "ఇనండి. నా భైఁస్‌ని, గేదెని, పొలం నుంచి ఇంటికి తోలుకు రావాలి. నేను నాలుగు దెబ్బలేసి తెచ్చాను. మా తమ్ముడు ఏడు దెబ్బలేసి తెచ్చాడు. ఎవరు బాగా తోలినట్టు?"

"నాలుగు దెబ్బలోడు," అన్నారు అత్తగారు.

"గోల్ఫు అంతే. ఇన్ని దెబ్బల్లో బంతి గుంతలో పడాలని లెక్కుంటుంది. దానికంటే తక్కువలో వేస్తే మైనస్. కట్ దాటితేనే శని, ఆదివారాలు ఆట. మిస్సయితే సామాను సర్దుకోవడమే."

అత్తగారు చేతిలో బెల్లం అలాగే పట్టుకుని నా వైపు తిరిగారు.

"అయితే ఈడు ఇంటికి రావాలని నాను మొక్కిన మొక్కులన్నీ..."

"సారుని గెలిపించాయి అత్తా."

"నువ్వు మొక్కినవి?"

నాకు ముందు సిగ్గు వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. అత్తగారు కోపంగానే చూశారు గానీ, ఆవిడ భుజాలు కూడా కదలడం మొదలైంది. చివరికి ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాం. పాలాయన తన బెల్లం తనే తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఫోనులో జరిగిందంతా చెప్పేశాను. అటు నుంచి మరిది నవ్వి నవ్వి దగ్గాడు.

"వదినా! నాను ఏటేటో అనుకున్నాను! మైనస్ ఆరు కొట్టినా నీకు సాలదు, ఎంత పెద్ద మనసో, ఇంకా బాగా ఆడమంటాదీ అనుకున్నాను. ప్లస్ నాలుగుకి దేవుడి దయ అంటే, ఓడిపోయినా దండం పెట్టే మనిషని సారుకి సెప్పాను. ఆయన ప్రతి సోమవారం 'భాభీ క్యా బోలీ?' అని, వదినేటందని అడుగుతారు. కట్ మిస్సయిన వారాల్లో నీ మాటే ఆయనకి మందు."

ఇందులో నా గొప్ప రవ్వంత కూడా లేదు. తెలియక అన్న మాటని కూడా ఒకరికి మందుగా వాడుకున్న దేవుడికి దండం పెట్టడం తప్ప నేనేం చెయ్యగలను?

తరువాత అతని గొంతు మారింది. "ఇంకొక్క పోటీ ఉంది వదినా. ఆ ప్లస్ వారాల వల్ల సారు సరిగ్గా గీత మీదున్నారు. బాగా ఆడితే పైకి. నేదంటే అంతే, ఇంటికే."

ఈ మాట అత్తగారూ విన్నారు. ఇప్పుడు ఆవిడకి అన్నీ తెలుసు. తగ్గితే కొడుకు ఇంకో ఏడాది దూరం. పెరిగితే కొడుకు ఇంట్లో. అడగవలసింది ఒక్క మాట, అదీ ఏ మాటో తెలిసిన మాట. ఆ వారమంతా ఆవిడ గూడు ముందు నోరెత్తలేదు. ఆవిడ మౌనంగా దణ్ణం పెట్టడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. లోపల్లోపల ఏమడుగుతున్నారో తెలియలేదు. నేనూ నా వంతుకి దీపం వెలిగించి నిలబడ్డాను. పెంచమని అడిగి అడిగి ఉన్నదాన్ని, తగ్గించమనడానికి నాలుక తిరగలేదు. నీకు తెలుసు తండ్రీ అని ఊరుకున్నాను.

ఆదివారం సాయంత్రం దీపాల వేళ. అక్కడ ఆఖరి ఆట నడుస్తోంది. అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చి పటం ముందు నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"సామీ, ఇన్నాళ్ళూ తగ్గించమన్నాను, నువ్వు తగ్గించినావు. నా అర్థం ఏటైనా, మాట ఇన్నావు. ఇప్పుడొచ్చి పెంచమంటే నువ్వు నన్నేటనుకుంటావు? ముసిలిది మాట మార్చిందనుకోవా?" అని ఆగారు. పమిట చెంగుతో పటం మీద లేని దుమ్ము తుడిచారు. "తగ్గించు. ఆడు బ్రెడ్డు తింటే తిననీ."

సోమవారం పొద్దున్న ఫోను వచ్చింది. సారు గీతకి పైన నిలిచారు. పైన అంటే, పై వరసలో ఆఖరివారు సారే. మరిది ఏడుస్తూ చెప్పాడు. అత్తగారు ఏడవలేదు. అంతా విని ఒకటే అడిగారు.

"మీ సారు కింద ఎవుడున్నాడు?"

"ఎవుడో అమ్మా, సలి దేశపోడు. ఆఖరి గుంత దగ్గర సిన్న దెబ్బ తప్పింది. అది పడుంటే ఆడు పైకి, మేం కిందికి. ఒక్క దెబ్బే. గడ్డి మీద కూకుండిపోయాడు పాపం. నాను నీల్ల సీసా ఇచ్చి వచ్చాను."

"పేరేటి?"

"నోరు తిరగదమ్మా."

"అమ్ముందేటి ఆడికి?"

"నాకేటి తెలుసు? ఉంటాది."

అత్తగారు ఫోను నాకిచ్చేసి, "ఆ తల్లి ఏటడిగిందో మరి. నాలాగే తెలీక తిరగేసి అడిగుంటాది," అన్నారు.

మా మరిది రెండు నెలలు ఇంట్లో ఉండి, అన్నం తిని, కొత్త ఆవకాయ సీసాతో మళ్ళీ వెళ్ళాడు. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరమూ ఒకే మొక్కు మొక్కుతున్నాం, బండి ఒకే దిక్కుకి వెళుతోంది. దీపం పెట్టాక అత్తగారు అందరి పేర్లూ చదువుతారు. కొడుకులు, నేను, సారు, పాలాయన, ఆయన గేదెతో సహా. అందరూ అయిపోయాక ఒక్క క్షణం ఆగి, "ఆ ఒక్క దెబ్బ బాబు" అంటారు.

ఇది చదివినవారిని నేను అడిగేది అంతే. మీరు ఏ దేవుడి ముందు దీపం పెట్టినా, మీవాళ్ళ కోసం అడగవలసినవన్నీ అడిగాక, గడ్డి మీద కూర్చుండిపోయిన ఆ చలి దేశపు మనిషిని కూడా ఒకసారి తలుచుకోండి. పేరు మాకు తెలియదు. ఒక్క దెబ్బ బాబు అంటే చాలు, అప్పన్న స్వామికి తెలుసు.